తిప్పేస్వామి మాస్టరు చిన్నపెట్టె

2023. దసరా అయిపోయిన వారం. అనంతపురంలో నా షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు భాగంలో మైకులు, వైర్ల చుట్టలు, నాలుగు స్పీకర్లు. వెనక ఒక బల్ల, సోల్డరింగ్ ఐరన్, ఒక కంప్యూటరు, ఎంత తుడిచినా మళ్లీ వచ్చి కూర్చునే దుమ్ము. సౌండు సామాన్లు అమ్ముతాను, రిపేరు చేస్తాను. ముదిగుబ్బ చర్చిలో కీబోర్డు వాయిస్తూ ఈ పనిలోకి వచ్చినవాడిని. ఇన్నేళ్లలో వస్తువుల మీద నాకు విసుగు రాలేదు. ఆ వస్తువుకు ఏమైందో మనుషులు ఫోన్లో చెప్పే తీరు మీద మాత్రం రోజూ వస్తుంది.

"సౌండు రావడం లేదు" అంటారు. ఎందులోంచి అని అడిగితే "దాంట్లోంచే" అంటారు. ఏం చేశారంటే ఏమీ చేయలేదంటారు. ఏమీ చేయకుండా దానంతట అదే చెడిపోయిన వస్తువును నేనింతవరకూ చూడలేదు.

ఆ వారం నా ఓపికను పరీక్షించిన వస్తువు పేరు ఆడియో ఇంటర్‌ఫేస్. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఒక వైపు మైకు, వాయిద్యం తగిలించుకోవచ్చు. ఇంకో వైపు యూఎస్‌బీ వైరుతో కంప్యూటరుకో టాబ్లెట్‌కో కలుపుకోవచ్చు. బయటి శబ్దాన్ని లోపలికి పంపుతుంది, లోపల తయారైన శబ్దాన్ని బయట స్పీకర్లకు అందిస్తుంది. దీనికే వెనక పక్క అయిదు చిన్న కన్నాలున్న గుండ్రటి సాకెట్లు రెండుంటాయి. అవి మిడీ సాకెట్లు. మిడీ అంటే శబ్దం కాదు, కబురు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు మాత్రమే కీబోర్డు నుంచి వస్తుంది. ఆ కబురు విని టాబ్లెట్ పాడుతుంది. నడుమ కబురు మోసేది ఈ పెట్టె. రెండు సాకెట్లలో ఒకటి ఇన్, అంటే కబురు వచ్చే దారి. రెండోది అవుట్, పోయే దారి. ఈ రెండింటినీ తారుమారు చేయని మనిషిని కూడా నేనింతవరకూ చూడలేదు.

పెట్టె తిప్పేస్వామి మాస్టరుది. కంబదూరు అవతల ఒక పల్లె ఆయనది. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో పౌరాణిక నాటకం ఆడినా హార్మోనియం దగ్గర ఆయనే. నాటకాలకు వాడేది కాళ్లతో తొక్కే హార్మోనియం. కింద రెండు పెడల్లు తొక్కుతుంటే తిత్తిలోకి గాలి పోతుంది, పైన రెండు చేతులూ మెట్ల మీద ఆడతాయి. కృష్ణుడి వేషం వాడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తూ ఎక్కడికి పోతే అక్కడికి పోయి, వాడు దారి తప్పితే చెవి పట్టుకుని వెనక్కి తెచ్చేది మాస్టరే. అలాంటి మనిషికి ముందటేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కాలు కొంత వచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తాడు. చెయ్యి రాలేదు. ఒక్క కాలితో తొక్కితే గాలి నిలవదు, స్వరం ఎగిరెగిరి పడుతుంది. ఏడాది పాటు ఆయన ఇల్లు కదలలేదు.

ఆయన భార్య ఓబులమ్మక్క ఒకరోజు బస్సెక్కి నా షాపుకు వచ్చింది. "గాలి తొక్కే పని లేకుండా పలికేది ఏమన్నా ఉండాదా అప్పా?" అని అడిగింది. మామూలు కీబోర్డు చూపించాను. అందులోని హార్మోనియం శబ్దం వినిపించాను. ఆమె సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. అయినా విన్న వెంటనే తల అడ్డంగా ఊపింది. "ఇది మా ఇంటి పెట్టె గొంతు కాదు" అంది.

సరే, ఆ గొంతే పట్టుకుందామనుకున్నాను. హార్మోనియాన్ని ఆటోలో షాపుకు తెప్పించాను. నేను కింద కూర్చుని పెడల్లు తొక్కుతుంటే మాస్టరు కుడిచేత్తో ఒక్కొక్క మెట్టూ నొక్కి పట్టుకున్నాడు. మైకు ముందు పెట్టి, ఇదే ఇంటర్‌ఫేస్‌ను మా కంప్యూటరుకు తగిలించి, ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా రికార్డు చేశాను. దీన్ని శాంప్లింగ్ అంటారు. ఆ స్వరాలన్నీ తెచ్చి టాబ్లెట్‌లో ఎక్కించాను. షాపులో మూల పడి ఉన్న, సొంత స్పీకర్లు లేని పాత మిడీ కీబోర్డు ఒకటి ఆయనకిచ్చాను. మెట్టు నొక్కితే కబురు పెట్టెకు పోతుంది, పెట్టె నుంచి టాబ్లెట్‌కు పోతుంది, టాబ్లెట్ మాస్టరు సొంత హార్మోనియం గొంతుతో పలుకుతుంది. గాలి అక్కర్లేదు. కుడి చెయ్యి చాలు.

మొదటిసారి వాయించినప్పుడు మెట్టు నొక్కడానికీ శబ్దానికీ మధ్య కొంచెం ఎడం వచ్చింది. మా భాషలో దాన్ని లేటెన్సీ అంటారు. మాస్టరు భాషలో "నా ఏలు ఈడుంటే గొంతు కల్యాణదుర్గంలో ఉండాది". అది కూడా సర్ది పంపాను. పంపేటప్పుడు తారుమారు కాకుండా అవుట్ సాకెట్ మీద నల్ల టేపు అంటించి మూసేశాను. ఇన్ సాకెట్‌లో వైరు పెట్టి, పీకకుండా దానికీ టేపు చుట్టాను. ఏం జరిగినా ఈ టేపు ముట్టుకోవద్దని మూడు సార్లు చెప్పాను.

దసరా తర్వాత శనివారం వాళ్ల పక్క ఊళ్లో నాటకం. జబ్బు చేశాక మాస్టరు మొదటిసారి జనం ముందు కూర్చోబోయేది అక్కడే. శుక్రవారం ఫోను వచ్చింది.

"ఏమప్పా ప్రసాదూ, చిన్నపెట్టె పలకల్యా." హార్మోనియం పెద్దపెట్టె, ఇంటర్‌ఫేస్ చిన్నపెట్టె ఆయనకు.

"లైటు ఎలుగుతాందా మాస్టరూ?"

"ఎలుగుతాంది."

"ఏ రంగు?"

"లైటు రంగే."

"అది కాదు మాస్టరూ, ఎరుపా, పచ్చనా?"

"మొన్న యా రంగో ఇయ్యాలా ఆ రంగే. లైటుతో నాకేం పనప్పా, గొంతు రావల్ల గానీ!"

"కింద పడిందా? నీళ్లేమన్నా తగిలినాయా?"

"ల్యా."

"వైరు పీకినారా?"

"నువ్వు ముట్టొద్దంటివి కదా. నేను ఆ దిక్కుకే పోల్యా."

ఎంతసేపు అడిగినా ఇంతే. మామూలు రోజైతే పెట్టె పట్టుకుని షాపుకు రమ్మనేవాణ్ణి. లేదా నా దగ్గరుండే ఇంకో పెట్టె బస్సులో పంపేవాణ్ణి. ఆ పెట్టె కదిరిలో ఎవరికో రికార్డింగుకని అద్దెకు పోయి ఉంది. ఫోన్ పెట్టేసే ముందు మాస్టరు గొంతు తగ్గించి అన్నాడు. "నాటకం ఆడిస్తాండే చెన్నారెడ్డి బళ్లారిలో వేరే కీబోర్డాయన్ను మాట్లాడి పెట్టుకున్నాడు. రేపు ఆయప్ప వచ్చి కూచున్నాడంటే నా కుర్చీ ఇంక నాకు రాదప్పా."

తిట్టుకుంటూనే శనివారం పొద్దున బండి తీశాను. దారి పొడుగునా వేరుశనగ చేలు వాన చాలక పసుపుబారాయి, గుబురు లేక నేల కనపడుతోంది. బ్యాగులో టెస్టరు, రెండు యూఎస్‌బీ వైర్లు, క్లీనింగ్ స్ప్రే, సూదులు. మిడీ వైరు ఇంకోటి తీసుకోవడం మరిచిపోయానని సగం దారిలో గుర్తొచ్చింది. వెనక్కి పోయే టైం లేదు.

ఇంట్లోకి పోయేసరికి అన్నీ చాప మీద వరుసగా పెట్టి ఉన్నాయి. కీబోర్డు, టాబ్లెట్, దానికి పవర్ చాలదని నేనిచ్చిన పవర్ హబ్, చిన్నపెట్టె. చిన్నపెట్టె అద్దంలా తుడిచి ఉంది. నా నల్ల టేపులు రెండూ ఉన్న చోటే ఉన్నాయి. పరవాలేదు, చెప్పిన మాట విన్నారనుకున్నాను.

మైకు తగిలించి మాస్టరును మాట్లాడమన్నాను. "హలో" అన్నాడు. స్పీకర్లోంచి హలో బ్రహ్మాండంగా వచ్చింది. అంటే పెట్టె బతికే ఉంది, యూఎస్‌బీ బాగుంది, పవర్ బాగుంది. మెట్టు నొక్కమన్నాను. నిశ్శబ్దం. ఇంకోటి నొక్కమన్నాను. మళ్లీ నిశ్శబ్దం. కబురు ఒక్కటే రావడం లేదు.

మిడీకి పదహారు ఛానెళ్లుంటాయి. కీబోర్డు ఒక ఛానెల్లో చెబుతూ టాబ్లెట్ ఇంకో ఛానెల్లో వింటుంటే ఎంత నొక్కినా ఇంతే. అది చూశాను. బాగానే ఉంది. అన్ని ఛానెళ్లూ వినేటట్టు మార్చాను. లాభం లేదు. టాబ్లెట్ ఆపి వెలిగించాను. యూఎస్‌బీ వైరు మార్చాను. హబ్ తీసి పెట్టాను. యాప్‌లో ఉన్న ప్రతి మీటా నొక్కాను. ఉక్కపోత. కరెంటు పోయి వచ్చింది. మాస్టరు కుడిచేత్తో మెట్లు నొక్కుతూనే ఉన్నాడు. టక్ టక్ అని ప్లాస్టిక్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు వింటుంటే నాకు పళ్లు కొరుక్కోవాలనిపించింది.

"మాస్టరూ, కాస్త ఆపండి."

"ఆపితే పలికిందో లేదో ఎట్ల తెలుస్తాదప్పా?"

ఓబులమ్మక్క మజ్జిగ తెచ్చిచ్చింది. చెంబు అందుకుంటూ ఆమెనూ అడిగాను. "అక్కా, ఇల్లు కడిగేటప్పుడు నీళ్లేమన్నా పడినాయా? ఎలకలు గానీ, చీమలు గానీ?"

"ఆ పెట్టెను కంటికి రెప్ప లెక్క చూసుకుంటాండా. ఈగను గూడా వాలనీను" అంది.

అప్పుడే చెన్నారెడ్డి వచ్చాడు. బండి దిగకుండానే వాకిట్లోంచి కేకేశాడు. "ఏమప్పా మెకానిక్కూ, ఔతాదా కాదా? బళ్లారాయన మూడు గంటల బస్సుకు ఎక్కల్ల. ఏదో ఒకటి తేల్చి చెప్పు."

"చూస్తాండా రెడ్డన్నా."

"పొద్దున్నుంచి చూస్తాండావంటనే. మాస్టరంటే నాకూ గౌరవమే. నాటకం మధ్యలో ఇది మూగబోతే ఊరంతా నన్ను తిడతారు. ఆ మొగం యాడ పెట్టుకోవల్ల నేను?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఇంకా మండింది. మాస్టరు కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన్ను అలా చూడటం నా వల్ల కాలేదు. పెట్టె లోపల మిడీ సర్క్యూట్ కాలిపోయి ఉంటుంది, ఇంక చేసేదేం లేదని చెప్పేయడానికి నోటిదాకా వచ్చింది. ఆ మాట చెప్పలేక, విసుగంతా ఓబులమ్మక్క మీద చూపించాను.

"పడలేదంటారు, తడవలేదంటారు, ముట్టలేదంటారు. మరి దీనికి ఏం చేసినారక్కా? నిజంగా చెప్పండి!"

"ఏం చేస్తామప్పా? పండగనాడు పూజ చేసుకున్నాం. అంతే."

ఆ మాట విని ఊరకనే తల తిప్పాను. గోడ దగ్గర పెద్దపెట్టె ఉంది. ఇక మోగించే అవకాశం లేకపోయినా దానికి ఆయుధపూజ జరిగింది. పైన పసుపు, గంధం, కుంకుమ. ప్రతి మెట్టుకూ ఒక బొట్టు. కింద రెండు పెడల్లకూ బొట్లు. తిత్తి మీద కూడా. మాస్టరు చేతికర్రకు కూడా ఉంది. స్పీకరుకుంది. నేను తిరిగి చిన్నపెట్టె వైపు చూశాను. నున్నగా, శుభ్రంగా, ఒక్క చుక్క కూడా లేకుండా ఉంది.

"అక్కా, దీనికి పెట్టలేదా బొట్టు?"

ఆమెకు కోపం వచ్చింది. "ఎందుకు పెట్టల్యా? ముందు దానికే పెట్టినా! నువ్వు వస్తాండావని పొద్దున తడిగుడ్డతో తుడిచి పెట్టినా."

"యాడ పెట్టినారు?"

"మొగానికి పెట్టినా. ఎనకాల అయిదు కండ్లుండాయి కదా, వాటికీ పెట్టినా. ఒక కంటికి పెట్టి ఇంకో కంటికి పెట్టకుంటే ఎట్ల?"

"టేపు ఉండింది కదా అక్కా!"

"మెల్లగ తీసి, పెట్టినాక మళ్లీ అట్లే అతికిచ్చినా. నువ్వు చుట్టినట్లే చుట్టినా."

అలాగే చుట్టింది. నేను కూడా గుర్తుపట్టలేనంత బాగా చుట్టింది. టేపు ఉంది కదా అని నేను పొద్దున్నుంచీ ముట్టనిది ఆ ఒక్క చోటే. టేపు చింపి వైరు పీకాను. దాని అయిదు పిన్నులూ పసుపూ ఎరుపూ పూసుకుని బయటికొచ్చాయి. సాకెట్ లోపల కన్నాల నిండా గంధం. వైరు గట్టిగా దూర్చడంతో లోపలికి పోయి, నాలుగు రోజుల్లో గట్టిగా ఎండిపోయింది. పిన్నుకూ లోహానికీ మధ్య గోడ కట్టినట్టయింది. అవుట్ సాకెట్ మీది టేపు తీస్తే అక్కడా అంతే, కాకపోతే అందులో వైరు పెట్టలేదు కాబట్టి అయిదు కళ్లకూ అయిదు బొట్లు చెక్కుచెదరకుండా, ముద్దుగా ఉన్నాయి.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెబుతున్నాను, ముందు ఏడుపే వచ్చింది. నలభై మైళ్లకు పైగా ఎండలో వచ్చి, పదహారు ఛానెళ్లు వెతికింది దీని కోసమా!

మాస్టరు మాత్రం అంత దాకా పట్టుకున్న నోరు వదిలేశాడు. "నీ పూజ పాడుగాను! నా కుర్చీ పోగొట్టడానికే పెట్టినావా ఆ బొట్లు? తెలిసీ తెలియక దేంట్లో అంటే దాంట్లో ఏలు పెట్టడమేనా?"

ఓబులమ్మక్క గొంతు పెంచలేదు. "ఏడాది గోడకు మొగం తిప్పుకొని పండుకుంటివి. బువ్వ పెడితే తినవు, మాట్లాడితే పలకవు. ఆ పెట్టె వచ్చినాక లేచి కూచున్నావు. దానికి మొక్కక ఇంక దేనికి మొక్కల్ల నేను?"

 వాకిట్లో చెన్నారెడ్డి బండి దిగాడు. నా విసుగు ఎక్కడికి పోయిందో నాకే తెలియదు.  మజ్జిగ తాగేసి పని మొదలుపెట్టాను.

పవర్ తీసేసి, ఇన్ సాకెట్‌లోకి స్ప్రే కొట్టి, సూదితో ఎండిన గంధాన్ని పొడిపొడిగా రాలగొట్టాను. కన్నాల్లోకి పోయేంత సన్నటి గుడ్డ నా దగ్గర లేదు. ఓబులమ్మక్క లోపలికి పోయి దీపం ఒత్తులు తెచ్చింది. అవి సరిగ్గా సరిపోయాయి. ఒక్కొక్క ఒత్తీ స్ప్రేతో తడిపి దూర్చి తిప్పుతుంటే పచ్చగా, ఎర్రగా బయటికొచ్చింది. ఆమె పక్కనే కూర్చుని ఒత్తులు మెలితిప్పి అందించింది. వైరు పిన్నులు కూడా తుడిచి, ఆరనిచ్చి, తగిలించి పవర్ పెట్టాను.

"నొక్కండి మాస్టరూ."

ఆయన వెంటనే నొక్కలేదు. చెయ్యి మెట్ల మీద పెట్టి కాసేపు ఉంచాడు. తర్వాత షడ్జం నొక్కాడు. మా షాపులో నేను కింద కూర్చుని తొక్కుతుంటే పలికిన గొంతు, ఆయన ముప్పై ఏళ్లు వాయించిన గొంతు, ఇల్లంతా నిండింది. వదలకుండా అలాగే పట్టుకున్నాడు. తొక్కే పని లేదు కాబట్టి అది ఎంతసేపైనా నిలుస్తుంది. చివరికి చెన్నారెడ్డి ఫోన్ తీసి, "బళ్లారాయనా, నువ్వు బస్సెక్కే పన్ల్యా" అన్నాడు.

నేను ఇంకో ఒత్తి తీసుకుని అవుట్ సాకెట్ శుభ్రం చేయబోయాను. ఓబులమ్మక్క నా చెయ్యి పట్టుకుంది.

"అప్పా, దీనికి ఏం పని?"

"దీనికి ఇప్పుడేం పని లేదక్కా. మనం వాడం."

"పని ల్యాకుంటే వదిలెయ్. దాని బొట్టు దానికి ఉండనీ."

పొడి కుంకుమ ఆ సాకెట్‌లో ఉంటే నష్టం లేదని ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్న ప్రకారం పోర్టును అలా వదలకూడదు. అయినా వదిలేశాను. పైన మళ్లీ టేపు అంటించాను. ఈసారి రెండు టేపుల రంగు మార్చాను. ఇన్ మీద ఎర్రది, అవుట్ మీద పచ్చది. "అక్కా, పచ్చదాన్ని తీసి ఏమన్నా చేసుకోండి. ఎర్రదాని జోలికి పోవద్దు" అని చెప్పాను. సరేనని తలూపింది. నాటకానికి నన్నుండమన్నారు. షాపు ఉంది కదా అని బయల్దేరాను. బండి స్టార్టు చేసి కూడా, లోపల మాస్టరు వేళ్లు పరుగెత్తడం వింటూ కాసేపు వాకిట్లోనే నిలబడిపోయాను.

ఆ రోజు నుంచి నేను ఫోన్లో అడిగే ప్రశ్న మారింది. "ఏమైంది, ఏం చేశారు" అంటే ఇప్పటికీ ఏమీ చేయలేదనే అంటారు, వాళ్ల దృష్టిలో అది నిజమే. అందుకని, "దానికి ఈ మధ్య ఏం మేలు చేసినారు?" అని అడుగుతున్నాను. అప్పుడు చెబుతారు. కణేకల్లు నుంచి ఒకాయన, మిక్సర్ మీటలు గట్టిగా ఉన్నాయని కొబ్బరినూనె పోశానన్నాడు. ఒక పాస్టరమ్మ, మైకు మీది జాలీ వాసనొస్తోందని సబ్బు నీళ్లలో నానబెట్టానంది. చెడగొట్టినట్టు ఎవరూ ఒప్పుకోరు. ప్రేమగా చూసుకున్నదంతా మాత్రం దాచకుండా చెబుతారు. సగం రిపేర్లు అక్కడే తేలిపోతున్నాయి. విసుగు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. తిట్టే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాను.

మొన్న దసరా తర్వాత ఓబులమ్మక్క చిన్నపెట్టెను సర్వీసుకు తెచ్చింది. మాస్టరు ఇప్పుడు నాటకాలకు పోతూనే ఉన్నాడు. ఎర్ర టేపు తీసి చూశాను. ఇన్ సాకెట్ కొత్తదానిలా మెరుస్తోంది. పచ్చ టేపు తీశాను. పనిలేని ఆ అయిదు కళ్లకూ తాజా కుంకుమ. తుడవకుండా టేపు మళ్లీ అంటించి, పెట్టెను ఆమె చేతికిచ్చాను.